కిటికీలో నీలం కెబాయాలు

ఆగండి, ఆగండి! అప్పుడే పేజీ తిప్పేయకండి. చేతిలో కాఫీ ఉంటే పక్కన పెట్టి కాసేపు ఇటు వినండి, ఎందుకంటే ఆ ఇంట్లో పొద్దున్నే మొదలైపోయింది, మనం వెళ్లేసరికి సగం గొడవ అయిపోయింది కూడా.

“ఆ మొహం పెట్టుకుని కిందికి దిగకు స్వీ లియన్. ఇవాళ అమ్మ పుట్టినరోజు.”

“నా మొహం ఎప్పుడూ ఇంతే టియాంగ్. నచ్చకపోతే మీ తమ్ముడి పెళ్లాం మొహం చూసుకో. పెనాంగ్ అంతా అదే చూస్తోందిగా!”

టియాంగ్ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నవాడల్లా ఆగిపోయాడు. భార్య అద్దం ముందు నిలబడి ముడిలో పిన్నులు పెట్టుకుంటోంది. పెట్టుకుంటోందో ఎవరినైనా పొడుస్తోందో చెప్పడం కష్టం.

“మళ్లీ మొదలుపెట్టావా?”

“ఆపితే కదా మళ్లీ మొదలుపెట్టడానికి! ఎన్నేళ్ల నుంచి అడుగుతున్నాను ఆ ముందు హాలు? నాతో వీధి చూడ్డానికి వచ్చేవాళ్లు ఎండలో నిలబడి చెమటలు తుడుచుకుంటున్నారు, హాల్లో నాలుగు కుర్చీలు వేసుకుంటాను, తలా ఓ గ్లాసు జాజికాయ రసం ఇస్తాను, అక్కడి నుంచే బయల్దేరతాం అత్తయ్యా అని ఎన్నిసార్లు అడిగాను? ‘చూద్దాం’. ఎప్పుడడిగినా ‘చూద్దాం’. అది కాపరానికొచ్చి ఏడాది తిరక్కుండా బట్టల కొట్టు పెట్టుకుంటానని ఒక్కసారి అడిగింది. ‘పెట్టుకోమ్మా’ అనేశారు!”

“పుట్టినరోజు దాకా పెట్టుకోమంది, అంతే. హాలు ఎవరిదో ఇవాళ పెద్దమ్మ వాళ్ల ముందు చెప్తానందిగా.”

“చెప్తారు చెప్తారు. ఏం చెప్తారో నాకు ఇప్పుడే తెలుసు.”

చెక్క గోడ అవతలి నుంచి అత్తగారి గొంతు వచ్చింది, తాపీగా.

“గోడ చెక్కదేనమ్మా. నా చెవులు ఇంకా పనిచేస్తున్నాయి.”

టియాంగ్ గబగబా మిగిలిన గుండీలు పెట్టుకున్నాడు.

“పెద్దకోడలా! నీ వాళ్లందర్నీ తిప్పి తిప్పి చివరికి మన కొట్టుకే తీసుకురా. మీరంతా వచ్చాకే నేను కిందికి దిగి తెర తీస్తాను. మన కొట్టుకి, విన్నావా?”

“విన్నాను అత్తయ్యా.”

మన కొట్టు! స్వీ లియన్ ఇన్నేళ్లుగా నడిపిస్తున్న వీధి నడక ఆవిడ నోట్లో ఎప్పుడూ ‘నీ తిరుగుడు’. ఊళ్లోని కొత్త కొత్త కొట్లన్నీ వెతికి, కొట్టువాళ్లందరితో స్నేహం చేసి, ఎక్కడ ఆగాలో ఎక్కడ కూర్చోవాలో ఏది ముందు చూపించాలో రాత్రిళ్లు ఆలోచించి తయారుచేసిన నడక ‘నీ తిరుగుడు’. ఇంకా తలుపు కూడా తెరవని చిన్నకోడలు వై లింగ్ కొట్టు మాత్రం ‘మన కొట్టు’.

కింద హాల్లో వై లింగ్ స్టూలెక్కి, కిటికీ అద్దానికి లోపలి నుంచి అంటించిన కాగితాలు చింపేస్తోంది. జుట్టు నిండా కాగితం ముక్కలే. అయినా బావుంది. కాగితం ముక్కలు కూడా దానికి నప్పుతాయి కాబోలు.

“అక్కా, ఇటు చూడకు, చూడకు! కళ్లు మూసుకుని బయటికెళ్లిపో. అవతలి వైపుకి వెళ్లాక చూడు!”

“కళ్లు మూసుకుని గుమ్మం దాటితే నడుం విరుగుతుంది. హాలు నీకు ఇంకా తొందరగా వస్తుంది.”

వై లింగ్ పకపకా నవ్వింది. అదే స్వీ లియన్‌కి మంట. తిట్టినా నవ్వుతుంది. ఆ ఒంటికి ఏ మాటా అంటుకోదు.

ఆదివారం కదా, వీధిలోకి కార్లు రానివ్వరు. రోడ్డు దాటి, ఎదురుగా మూసి ఉన్న ఇంటి అరుగెక్కి, వెనక్కి తిరిగి చూసింది.

నీలం.

కిటికీ నిండా నీలం కెబాయాలు. లుంగీలా చుట్టుకునే సారోంగ్ మీదికి వేసుకునే ఆ పల్చటి జాకెట్ల మీద, అంచుల వెంట, తెల్లటి చామంతులు ఎంత సన్నగా కుట్టి ఉన్నాయంటే గాలి తగిలితే రేకులు రాలతాయేమో అనిపించేలా. బొమ్మకి ఒకటి తొడిగింది. మిగిలినవి వెదురు కర్రలకి తగిలించింది. పాదాల దగ్గర నీలం పూసల చెప్పులు. లోపలి దీపం వెలుగు వాటి మీద పడుతోంది.

స్వీ లియన్ అరుగు స్తంభం పట్టుకుంది.

ఆ వీధిలో పాత బాబా న్యోన్యా ఇళ్లల్లో, అంటే తరాల కిందటే ఇక్కడ స్థిరపడిన చైనా వాళ్ల ఇళ్లల్లో, పుట్టిన ఏ ఆడపిల్లకైనా ఇది చెప్పక్కర్లేదు. పుట్టినరోజుకీ పెళ్లికీ ఎరుపు, గులాబీ. ఇంట్లో మనిషి పోతే ముందు నలుపు, తర్వాత ఈ నీలం-తెలుపు, ఆ తర్వాత ఆకుపచ్చ. దుఃఖం తీరే దాకా అలా రంగులు మారుతూ వెళ్తాయి. వై లింగ్‌ది ఇపో ఊరు. వాళ్లమ్మకి నూడిల్స్ అంగడి. ఆ ఇంట్లో కెబాయా వేసుకున్నవాళ్లే లేరు. దానికి నీలం అంటే పింగాణీ పళ్లెం అందమే.

అంతేనా? కాదు. ఆ చామంతులు స్వీ లియన్‌కి తెలుసు. మామగారు పోయినప్పుడు అత్తగారు నెలల తరబడి వేసుకున్న కెబాయా అది. దుఃఖం తీరిన రోజున దాన్ని ఉతికి, మడతపెట్టి, లవంగాలు చల్లి, పైగదిలో పెట్టెలో పెట్టింది స్వీ లియనే. ఈ పిల్ల ఆ పెట్టె తెరిచింది. అందంగా ఉంది కదా అని అచ్చం అలాంటివే కుట్టించేసింది. పుట్టినరోజు కానుకగా!

అత్తగారు వెనక మెట్ల మీంచి దిగి, మండువా దాటి, మడత తెర పక్కకి లాగుతారు. ఎదురుగా మొగుడు పోయినప్పటి బట్టలు. ఒకటి కాదు, కిటికీ నిండా.

చెప్పాలి. పరిగెత్తుకెళ్లి చెప్పాలి. కాళ్లు కదిలాయి కూడా.

సరిగ్గా అప్పుడే సైకిల్ మీద పోతున్న ఇద్దరమ్మాయిలు కిటికీ ముందు ఆగారు.

“అమ్మో, ఎంత బావుందే! ఈ వీధి మొత్తం మీద ఇంత అందమైన కిటికీ ఇంకోటి లేదు!”

“ఫోటో తియ్యి, ఫోటో తియ్యి!”

స్వీ లియన్ కాళ్లు ఆగిపోయాయి.

అక్కడే నిలబడింది. చాలాసేపు చూస్తూ నిలబడింది. తర్వాత చేతిలో గొడుగు తెరుచుకుని, వీధి చివరికి, తన వాళ్లు వచ్చే చోటికి నడిచింది.

*

కౌలాలంపూర్ నుంచి వచ్చిన ఆడవాళ్ల గుంపు అది. అందరికంటే ముందు షరీఫా గారు, భుజానికి ఇంకో మనిషి పట్టేంత సంచి.

“స్వీ లియన్ అంటే మీరేనా? ఖాళీ సంచితో వచ్చానమ్మా, ఖాళీగా వెళ్తే మా ఆయన సంతోషిస్తాడు, ఆయన్ని సంతోషపెట్టే ఉద్దేశం నాకు లేదు!”

అందరూ నవ్వారు. స్వీ లియన్ కూడా నవ్వింది. ఆ పని ఆమెకి బాగా వచ్చు.

“రండి, ఒకరి వెనక ఒకరు. అరుగు వెడల్పు అయిదడుగులే, అందులో మూడు పూలకుండీలవి. కాళ్ల దగ్గర చూసుకోండి, గుమ్మాల పక్కన దేవుళ్లుంటారు, అగరొత్తుల మీద కాలేస్తే దేవుడు ఊరుకున్నా కొట్టువాళ్లు ఊరుకోరు.”

టోపీల తెయిక్ బాబాయి కొట్టులో అందరూ టోపీలు పెట్టుకుని అద్దంలో చూసుకున్నారు. గడ్డి అల్లికవి, వెదురువి, మెత్తగా చుట్టేసి జేబులో పెట్టుకునేవి. ఎవరి తల చూసినా ఏ టోపీ నప్పుతుందో ఆయనకి ఇట్టే తెలుస్తుంది, కానీ చెప్పడు. వాళ్లే నాలుగు పెట్టి తీసి చివరికి దాని దగ్గరికి రావాలి, అప్పుడు “ఆహా!” అంటాడు. షరీఫా గారికి ఆ ఆహా వచ్చింది.

“కొట్టు రంగు మార్చినట్టున్నారే బాబాయ్?” అంది స్వీ లియన్. గోడ ఇంతకుముందు బూడిద రంగు, ఇప్పుడు పండిన బొప్పాయి రంగు.

“మీ చిన్నదే చెప్పింది! ‘బాబాయ్, మీ టోపీలన్నీ గోడలో కలిసిపోతున్నాయి’ అంది. వేసి చూస్తే నిజమే. నువ్వు ఇన్నేళ్లు వస్తున్నావు, ఎప్పుడైనా చెప్పావా?”

“నేను టోపీలు చూపించడానికి వస్తాను బాబాయ్, గోడలు కాదు.”

“అబ్బో, కోపం వచ్చిందే పెద్దకోడలికి!”

రాలేదంది. గోడ వైపు చూసింది. బాగానే ఉంది. అదే బాధ.

తర్వాత జఫ్రీ బాటిక్ చొక్కాల కొట్టు. మైనపు వాసన, తడి గుడ్డ వాసన, లోపల దండేల మీద ఆకుపచ్చా పసుపూ కలిసిన గుడ్డలు. జఫ్రీ కొలతల టేపు మెడలో వేసుకుని ఎదురొచ్చాడు.

“అక్కా, మీ ఇంటి కొట్టు పొద్దున చూశాను! నా ఫోనులో ఎంతమంది అడుగుతున్నారో, ఆ నీలం ఎక్కడ దొరుకుతుందని.”

“ఏ నీలం?” అన్నారు షరీఫా గారు వెంటనే.

జఫ్రీ ఫోను చూపించాడు. గుంపు మొత్తం ఫోను మీదికి వంగింది. దండేల మీద చొక్కాల వైపు ఒక్కళ్లు చూడలేదు.

“అయ్యయ్యో, ముందు అక్కడికే వెళ్దామండీ!”

“చివర్లో వెళ్తాం,” అంది స్వీ లియన్.

“ఇప్పుడే వెళ్తే ఏం? అమ్ముడైపోతాయేమో!”

“నడకకి ఒక వరస ఉంటుందండీ. పాయసం చివర్లోనే పెడతాం కదా.”

నోటి నుంచి ఆ మాట వచ్చాక తనకే ఒళ్లు మండింది. తన నడకకి వై లింగ్ కొట్టు పాయసమట. మిగతావన్నీ చప్పటి కూరలట!

జఫ్రీది జొహోర్ రాష్ట్రం. చావు రంగులు వాడికెలా తెలుస్తాయి? తెయిక్ బాబాయికి కళ్లజోడు లేకపోతే పక్క కొట్టు కూడా కనపడదు. ఈ వీధిలో తెలిసినవాళ్లు ఎంతమంది మిగిలారని? పాతవాళ్లంతా ఇళ్లు అద్దెకిచ్చి ఎప్పుడో వెళ్లిపోయారు. తెలిసినది తను. ఇంకా…

ఇంకా ఇంగ్ పిన్ని. పక్క కొట్టే.

*

ఇంగ్ పిన్ని పూసల చెప్పులు కుడుతుంది. ఆవగింజంత పూసలు, చట్రానికి బిగించిన గుడ్డ, కళ్లజోడు మీద ఇంకో కళ్లజోడు. గుంపంతా చెప్పుల ముందు మోకాళ్ల మీద కూర్చుని “అబ్బా, ఇది చూడు, ఇది చూడు” అంటుంటే, పిన్ని స్వీ లియన్ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

“ఏమే, మీ చిన్నకోడలు నా దగ్గర నీలం పూసల చెప్పులు ఎందుకు చేయించుకుంది? ఎవరో మలయ్ పెళ్లికి ఆర్డరేమో అనుకున్నాను. ఇందాక పాలకి వెళ్తూ మీ కిటికీ చూశాను. నా ప్రాణం పోయింది!”

స్వీ లియన్ పూసల డబ్బా మూత సరిచేసింది.

“మీ అత్త గ్వాట్ ఖెంగ్ అక్క పుట్టినరోజు పెట్టుకుని ఇదేం చోద్యం? నువ్వు చూడలేదా?”

“చూశాను పిన్నీ.”

“చూసి?”

గుంపులో ఎవరో ధర అడుగుతున్నారు. పిన్ని అటు తిరగలేదు. కళ్లజోళ్ల లోంచి తననే చూస్తోంది. ఆ ఇంట్లో పెద్దకోడలు, చూసి కూడా నోరు మూసుకుందంటే పిన్ని ఏమనుకుంటుంది? సాయంత్రానికి వీధంతా ఏమనుకుంటుంది?

“చెప్పాను,” అంది స్వీ లియన్.

“చెప్పావా? మరి?”

“వినలేదు.”

“విన్లేదూ? పెద్దదానివి నువ్వు చెప్తే విన్లేదూ?” పిన్ని బుగ్గలు నొక్కుకుంది. “ఈ కాలం పిల్లలు! సరేలే, నీ వంతు నువ్వు చేశావు. నేనూ వస్తున్నాను కాసేపట్లో, అక్కకి పుట్టినరోజని గుడ్లు ఉడకబెట్టి ఎర్రరంగు వేశాను.”

చూశారా ఎంత తేలిగ్గా వచ్చేసిందో! ‘చెప్పాను’. మూడక్షరాలు. అనేసరికి ఒక్క క్షణం తను నిజంగానే చెప్పినట్టు కూడా అనిపించింది.

కానీ చెప్పులు కట్టించి బయటికి వచ్చాక, ఎండలో, ఆ మాట చెప్పులో రాయిలా గుచ్చుకోవడం మొదలుపెట్టింది. ఇంకా టైముంది. ఇప్పుడైనా చెప్తే ఆ అబద్ధం నిజమైపోతుంది కదా! అందర్నీ మూలమీది కాఫీ కొట్టులో కూర్చోబెట్టి, తలా ఓ గిన్నె ఐస్ కచాంగ్, రంగు పానకం పోసిన మంచు తురుము, చెప్పి, పక్కకి వచ్చి ఫోను తీసింది.

‘వై లింగ్, అత్తయ్య దిగకముందే ఆ నీలం తీసెయ్. కాగితాలు మళ్లీ అంటించు. ఎందుకో వచ్చాక చెప్తాను.’

రాసింది. పంపించడానికి వేలు పెట్టబోయింది. ఫోను మోగింది. టియాంగ్.

“ఎక్కడున్నావ్? పెద్దమ్మ వాళ్లు బయల్దేరారట. వెనక సందులోంచి వస్తారు.”

“వచ్చేస్తున్నాం.”

“కంగారు పడకు. అన్నీ అయిపోయాయి. అమ్మ పుట్టినరోజు సేమ్యా కూడా వై లింగ్ వండేసింది.”

“ఏంటీ?”

“సేమ్యా. పొడుగువి, అమ్మ ఆయుష్షులా ఒక్కటి కూడా తెగకుండా. అమ్మ ఒక ముద్ద రుచి చూసి, ఇన్నేళ్లలో ఇంత బాగా కుదరలేదంది.”

“ఏటా అది నేను వండుతాను టియాంగ్.”

“నువ్వు బయట తిరుగుతున్నావు కదా, అలిసిపోయి వస్తావని అదే…”

“నేను వండుతాను. పెళ్లయిన ఏటి నుంచీ నేనే వండుతున్నాను.”

“ఇప్పుడు సేమ్యా దగ్గర కూడా పోటీయేనా?”

స్వీ లియన్ ఫోను పెట్టేసింది. రాసినదంతా అక్షరం అక్షరం చెరిపేసింది.

“ఏమ్మా, ఇంట్లో అంతా బాగేనా?” అన్నారు షరీఫా గారు, నాలుక ఎర్రగా చేసుకుని.

“బ్రహ్మాండంగా ఉంది. లేవండి, మీ నీలం చూపిస్తాను.”

*

గుంపు హాల్లో అడుగుపెట్టగానే “అబ్బా!” అని ఒక్కసారే ఊపిరి వదిలింది. గులాబీ రంగు కెబాయాలో వై లింగ్ అటూ ఇటూ తిరుగుతూ అందరికీ కుర్చీలు వేస్తోంది. ‘నాలుగు కుర్చీలు వేసుకుంటాను అత్తయ్యా’ అని తను అడిగిన చోటే వేస్తోంది.

“అక్కా, చూశావుగా? ఎలా ఉంది?”

స్వీ లియన్ జవాబు చెప్పేలోపు మడత తెర అవతల చప్పుడైంది. టియాంగ్ తెర పక్కకి లాగాడు.

ఎర్ర కెబాయా, బంగారు పిన్నులు, నవ్వు మొహంతో గ్వాట్ ఖెంగ్ అత్తగారు. వెనకాల ఆవిడ అక్కచెల్లెళ్లు, గులాబీలూ నారింజలూ, పూలబుట్ట కదిలి వచ్చినట్టు.

అత్తగారి నవ్వు ముందు కళ్లల్లో ఆరిపోయింది. తర్వాత పెదాల మీద.

పైన ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినపడింది.

“ఎవరు పోయారే?” అంది పెద్దత్త, అందరికంటే ముసలావిడ. నిజంగానే అడిగింది, పాపం.

అత్తగారు బొమ్మ దగ్గరికి నడిచి, చామంతుల అంచు వేళ్లతో పట్టుకుని చూసింది.

“ఇది నాది. ఆయన పోయినప్పుడు…”

“పెట్టెలో ఉంది అత్తయ్యా,” అంది వై లింగ్. ఇంకా నవ్వుతోంది, నవ్వు ఎక్కడ ఆపాలో తెలియక. “ఇంత అందమైన కుట్టు నేనెప్పుడూ చూడలేదు. మీకు చెప్పకుండా, మీ పేరు మీద… మీకు నచ్చుతుందని…”

“పుట్టినరోజు నాడు బతికున్న మనిషికి చావు బట్టలు చూపిస్తావుటే!” పెద్దత్త గొంతు లేచింది. “అదీ సొంత మొగుడి చావుకి కట్టినవి!”

వై లింగ్ మొహంలో రక్తం చుక్క లేదు.

షరీఫా గారు స్వీ లియన్ మోచెయ్యి గిల్లారు. “ఏమైందమ్మా? బావున్నాయి కదా?”

స్వీ లియన్‌కి వినపడలేదు. పొద్దున్నించీ ఈ క్షణం కోసమే వీధంతా నడిచింది. వచ్చింది. లోపల ఏదో తియ్యగా పొంగింది, అబద్ధం ఎందుకు, పొంగింది. టియాంగ్ వైపు చూసింది, ‘వండించుకో ఇంకా సేమ్యా’ అన్నట్టు.

“పొద్దున్నించీ ఈ కిటికీ తెరిచే ఉంది,” అంది అత్తగారు, ఇటు తిరక్కుండానే. “ఈ ఇంట్లో ఎవరికీ కళ్లు లేవా? స్వీ లియన్, నువ్వు ఈ గుమ్మం లోంచే వెళ్లావు. చూడలేదా?”

పొంగినది అలాగే చల్లారిపోయింది.

“అత్తయ్యా, నేను…”

“దాన్నేం అనకు అక్కా!” గుమ్మంలోంచి ఇంగ్ పిన్ని, చేతిలో ఎర్రగుడ్ల బుట్ట. “అది చెప్పింది. నాతో తనే అంది, చెప్పాను పిన్నీ, విన్లేదు అని. ఆ చిన్నదే చెవిన పెట్టలేదు.”

అత్తగారు ఇప్పుడు తిరిగింది. పెద్దకోడలి వైపు కాదు, చిన్నకోడలి వైపు.

“చెప్పిందా?”

వై లింగ్ స్వీ లియన్ వైపు చూసింది. స్వీ లియన్ నేల మీద పలకల పూలు చూస్తోంది.

“నిన్నే అడుగుతున్నాను. అక్క చెప్పిందా నీకు?”

ఫ్యాను తిరిగింది. వీధిలో ఎవరో సైకిల్ గంట కొట్టారు.

“చెప్పింది అత్తయ్యా,” అంది వై లింగ్. “నేనే వినలేదు.”

పెద్దత్త పళ్లు నూరింది. టియాంగ్ భార్య వైపు చూశాడు, ఎన్నేళ్లకో అలా చూశాడు, తప్పు చేసినవాడిలా.

“అయితే అయిపోయింది,” అంది అత్తగారు. “అన్నీ తీసెయ్. ఒక్కటి కూడా కిటికీలో ఉండకూడదు. ఈ హాలు పెద్దకోడలిది. ఇంటి మర్యాద తెలిసినదాని చేతిలోనే ఉంటుంది.” షరీఫా గారి గుంపు వైపు తిరిగి చేతులు జోడించింది. “మీరంతా లోపలికి రండమ్మా. సేమ్యా తిని వెళ్దురుగాని.”

*

అందరూ మండువాలోకి వెళ్లిపోయారు. తెర ఇవతల ఇద్దరే మిగిలారు. వై లింగ్ కెబాయాలు ఒక్కొక్కటీ తీసి మడతపెడుతోంది. మడత చక్కగా వస్తోంది.

“ఎందుకలా చెప్పావు?” అంది స్వీ లియన్.

“ఏమని?”

“నాతో ఆటలొద్దు వై లింగ్. నేను చెప్పలేదు.”

“నాకు తెలుసుగా.”

“మరి ఎందుకు?”

వై లింగ్ ముక్కు తుడుచుకుంది. “నాది ఎలాగూ పోయింది. ఇద్దరిదీ ఎందుకు పోవాలి?”

“నా మీద జాలా?”

“అబ్బా అక్కా! ప్రతిదానికీ నీకు…” ఆగింది. బొమ్మ ఒంటి మీది కెబాయా విప్పుతూ, ఇటు చూడకుండా అంది. “పొద్దున నువ్వు ఎదుటి అరుగు మీద నిలబడి చూస్తున్నావు. కిటికీ అద్దంలోంచి కనపడ్డావు. చాలాసేపు నిలబడ్డావు కదూ?”

స్వీ లియన్ ఒక కుర్చీని గోడ వారకి జరిపింది.

“నేను చేసినదేదీ నువ్వు నిలబడి చూడలేదు, ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ. అక్కకి నచ్చింది అనుకున్నాను. ఆ సంతోషంలో లోపల దాచినవి కూడా తీసి తగిలించాను.” బొమ్మ ఒంటి మీంచి కెబాయా వచ్చేసింది. “అంత సేపూ నువ్వు… సరే, వదిలెయ్.”

“తిట్టు,” అంది స్వీ లియన్. “నన్ను తిట్టొచ్చుగా.”

“తిడితే నీకు హాయిగా ఉంటుంది. తిట్టను.”

మొదటిసారి, ఆ మొహంలో నవ్వు లేదు.

“స్వీ లియన్!” మండువాలోంచి అత్తగారి పిలుపు. “టీ పళ్లెం తీసుకురా. మీ పెద్దత్తయ్యకి ముందు పొయ్యి. పోస్తూ హాలు నేను తీసుకుంటున్నానని నీ నోటితో చెప్పు. టీ తాగాక ఇంక ఈ మాటకి తిరుగు ఉండదు.”

ఆ ఇంట్లో అలాగే జరుగుతుంది. పెళ్లి మాటైనా, పంపకం మాటైనా, చిన్నవాళ్లు టీ పోస్తూ చెప్పాలి, పెద్దవాళ్లు తాగాలి. తాగిన తర్వాత ఎవరూ కదపరు.

స్వీ లియన్ పళ్లెం ఎత్తింది. ఏళ్ల తరబడి అడిగిన హాలు, ఇదిగో, కాళ్ల కిందే ఉంది. అత్తగారి నోటితో, అందరి ముందు. టియాంగ్ పక్కకి జరిగి దారి ఇచ్చాడు. ఇంగ్ పిన్ని మెచ్చుకోలుగా తలూపింది. పెద్దత్త కప్పు కోసం చెయ్యి చాపింది.

ఈ టీ పోసి ఊరుకుంటే, పొద్దున లేచి ఆ హాల్లో కుర్చీలు వేసుకున్న ప్రతిసారీ అది వై లింగ్ పెట్టిన భిక్షే. నిజం చెప్పేస్తే హాలు పోతుంది, వీధిలో మొహం పోతుంది, పైగా ఇంటిల్లిపాదీ వై లింగ్‌ని ఎత్తుకుంటారు, చూశారా, తన కొట్టు పోయినా తోడికోడల్ని కాపాడబోయింది అని. ఎటు తిరిగినా ఆ పిల్లే గెలుస్తుంది!

తెర సందులోంచి కనపడుతోంది, వై లింగ్ ఆఖరి మడత పెడుతూ. ఇటు చూడటం లేదు.

టీ కప్పులోకి సన్నటి ధారగా పడుతోంది. అందరూ ఆమె నోటి వైపే చూస్తున్నారు. కప్పు నిండబోతోంది, ఇంక ఆగే వీల్లేదు.

స్వీ లియన్ చోట్లో మీరుంటే ఏం చెప్పేవారు?